ముద్దాయి చేత కేసు చదివించే ఆఫీసు: బ్రాడీపేటలో ఒక క్రిమినల్ న్యాయవాది సేవలపై నా సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలోని ఒక క్రిమినల్ న్యాయవాది కార్యాలయానికి పద్నాలుగు నెలలుగా తిరుగుతున్న కక్షిదారుగా ఈ సమీక్ష రాస్తున్నాను. నా మీద, మా అబ్బాయి మీద పెట్టిన కేసు ఇంకా విచారణలోనే ఉంది. తీర్పు రాకుండానే లాయరు పనితనం గురించి రాయడమేమిటని ఇంట్లోవాళ్ళే అడిగారు. గెలిపిస్తే మంచి లాయరు, లేకపోతే కాదు అనే కొలత నాకు సరైనదిగా తోచదు. సాక్షి బోనెక్కి ఏం చెబుతాడో ఏ లాయరు చేతిలోనూ ఉండదు. తన మీద ఏ నేరం మోపారో, దానికి చట్టంలో ఎంత శిక్ష ఉందో, వచ్చే వాయిదాకు కోర్టులో ఏం జరగబోతోందో ముద్దాయికి తెలిసేలా చేయడం మాత్రం పూర్తిగా లాయరు చేతిలో ఉన్న పని. ఆ పనిని ఈ ఆఫీసు ఎలా చేసిందో, ఎక్కడ లోటు చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆఫీసు పేరు రాయడం లేదు. న్యాయవాదులు ప్రకటనలతో కక్షిదారులను రాబట్టుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉన్నందున, తన పేరుతో మెచ్చుకోలు రాయవద్దని లాయరుగారే కోరారు. విచారణలో ఉన్న కేసు గురించి బయట ఎక్కడా రాయవద్దని మొదటి రోజే చెప్పారు కనుక కేసు వివరాలు కూడా రాయను. ఇంటి ప్రహరీ గోడ దగ్గర పొరుగువారితో మొదలైన తగాదా తోపులాట దాకా వెళ్ళింది. వారి ఫిర్యాదుపై, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 115(2), 118(1), 351(2) సెక్షన్ల కింద కేసు నమోదైంది. స్టేషనులో హాజరు కావాలని పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. నేను ఏ1ని, అంటే మొదటి ముద్దాయిని; మా అబ్బాయి ఏ2. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. చదువరులకు ఇంతవరకు తెలిస్తే చాలు.

నిజానికి మేము ముందు వేరొక లాయరు దగ్గరకు వెళ్ళాం. ఆయన పేరు, ఊరు రాయను. పరిచయస్థులు తీసుకువెళ్ళారు. ఆయన 20,000 రూపాయలు తీసుకుని, మన తరఫున వాదించే అధికారం లాయరుకు ఇచ్చే వకాలత్ కాగితాల మీద, అవి ఖాళీగా ఉండగానే, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుని, రసీదు గానీ ఎఫ్ఐఆర్ నకలు గానీ ఇవ్వకుండా, ‘స్టేషన్లో నేను మాట్లాడతాను, మీరు నోటీసుకు వెళ్ళకండి, తర్వాత లోక్ అదాలత్‌లో తేల్చేద్దాం’ అని పంపించారు. హాజరు కావలసిన తేదీ రెండు రోజుల్లో ఉందనగా నాకు నిద్ర పట్టలేదు. పాఠశాలలో ఒక సహోపాధ్యాయుడు చెప్పగా ఆ సాయంత్రమే ఈ ఆఫీసు మెట్లు ఎక్కాం. ఆ మొదటి సాయంత్రం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సేవ విలువ అంతా అక్కడే తెలిసింది.

లాయరుగారు ముందుగా అడిగిన మాట, ‘మాస్టారూ, మీ ఎఫ్ఐఆర్ చదివారా?’ అని. చదవలేదన్నాను. నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషి ఆ కాగితమే చూడకుండా ఇద్దరు లాయర్ల దగ్గరకు తిరగడం ఆయనకు కష్టంగా తోచినట్టుంది. పక్కనున్న జూనియరును పిలిచి, పోలీసు వెబ్‌సైటు నుంచి కాపీ తీయించారు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించిందని, కనుక ఆ కాపీ కోసం ఎవరినీ బతిమాలనక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది. కాగితం నా ముందు పెట్టి, వరుస కింద చెక్క స్కేలు ఉంచి, పైకి చదవమన్నారు. ముప్పై ఏళ్ళుగా పిల్లల చేత పాఠం చదివిస్తున్న నాకు ఆ నాలుగు పేజీలు చదవడానికి నోరు ఎండిపోయింది. సెక్షను వచ్చిన ప్రతిచోటా ఆపి, పుస్తకం తెరిచి, ఆ సెక్షనుకు గరిష్ఠంగా ఎంత శిక్ష ఉందో చూపించారు: మామూలు గాయానికి ఏడాది, ఆయుధంతో చేసిన గాయానికి 3 ఏళ్ళు, బెదిరింపునకు 2 ఏళ్ళు. అన్నీ అయ్యాక, ‘ఇప్పుడు మీ మీద కేసు ఏమిటో మీ మాటల్లో నాకు చెప్పండి’ అన్నారు. నేను చెప్పినదాంట్లో రెండు తప్పులు దిద్దారు. అప్పటిదాకా ఫీజు మాట ఎత్తలేదు.

తర్వాత ఒక తెల్లకాగితం మీద తెలుగులో ఆరు వరుసలు రాసి ఇచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది. చెప్పిన తేదీకి, చెప్పిన సమయానికి స్టేషనుకు వెళ్ళాలి. నోటీసు అందినట్టు, హాజరైనట్టు రుజువు దగ్గర పెట్టుకోవాలి. అబద్ధం చెప్పకూడదు, కానీ నేరం ఒప్పుకున్నట్టు అయ్యే ప్రశ్నకు జవాబు చెప్పాలనే బలవంతం లేదు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర్లేదు. ఫిర్యాదుదారులకు గానీ వారి సాక్షులకు గానీ ఫోను చేయకూడదు, మధ్యవర్తిని పంపకూడదు. ఫోనులో ఉన్న ఫొటోలు, సందేశాలు, కాల్ వివరాలు మనకు అనుకూలమైనా ప్రతికూలమైనా చెరపకూడదు. అయిదో వరుస కింద రెండు గీతలు గీశారు. సంజాయిషీ చెప్పుకుందామని వెళ్ళినవారి మీదే సాక్షిని బెదిరించారని మరో కేసు పడుతుందని, బెయిలు మీద ఉన్నవారికైతే బెయిలే రద్దు కావచ్చని వివరించారు. ఆ మర్నాడు పొద్దున ఎదురింటి పెద్దాయనకు ఒక మాట చెప్పి రావాలని మా ఇంట్లో అప్పటికే అనుకుని ఉన్నాం.

నోటీసు గురించి ఆయన చెప్పినదీ మొదటి లాయరు చెప్పినదీ పూర్తిగా ఎదురెదురు మాటలు. ఇప్పటికీ కోర్టుల దగ్గర చాలామంది ‘41ఏ నోటీసు’ అనే అంటారు గానీ, 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చాక అది సెక్షన్ 35(3) నోటీసు అయింది. ఆ నోటీసుకు కట్టుబడి హాజరవుతున్నంత కాలం, అరెస్టు అవసరమని పోలీసు అధికారి కారణాలు రాసి పెట్టుకుంటే తప్ప అరెస్టు చేయకూడదు; హాజరు కాకపోతే ఆ కారణం మీదనే అరెస్టు చేయవచ్చు. ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న నేరాలలో యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రతిని జూనియరు మాకు చూపించారు. నోటీసు వాట్సాప్‌లో వస్తే ఏం చేయాలని మా అబ్బాయి అడిగాడు. అలా పంపవద్దని సుప్రీంకోర్టు 2025 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించిందని, అయినా వచ్చినదాన్ని పట్టించుకోకుండా ఊరుకోవద్దని, వెంటనే తీసుకువచ్చి చూపించమని చెప్పారు. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క కనుక, ఆ రెండు రోజుల ముందు మొదటి లాయరు మాట విని ఉంటే నా ఉద్యోగం మీదకు వచ్చేది. మూడో రోజు మేము స్టేషనుకు వెళ్ళినప్పుడు జూనియరు వెంట వచ్చి బయట బల్ల మీద కూర్చున్నారు. ప్రశ్నలు అడిగే సమయంలో లాయరును కలిసే హక్కు ఉంది గానీ, మొదటి నుంచి చివరి దాకా పక్కనే కూర్చోబెట్టుకునే హక్కు లేదని ముందే చెప్పి ఉంచారు. రెండు గంటల్లో బయటకు వచ్చాం.

లోక్ అదాలత్ మాట కూడా అలాంటిదే అయింది. లోక్ అదాలత్ రాజీతో కేసులు ముగించే వేదిక; రాజీ చేసుకోవడానికి చట్టం అనుమతించని నేరాన్ని తేల్చే అధికారం దానికి లేదు. మా కేసులో 115(2), 351(2) రాజీకి వీలైనవి. 118(1) మాత్రం రాజీకి వీలైన నేరాల పట్టికలో లేదు. అటువంటప్పుడు ఇరుపక్షాలు రాజీ పడినా, నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 528 కింద నేలపాడులోని హైకోర్టును ఆశ్రయించి కేసు కొట్టివేయమని కోరాలి. ఇలాంటి వ్యక్తిగత తగాదాలలో హైకోర్టుకు ఆ అధికారం ఉందని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇది చెప్పడానికి లాయరుగారికి అయిదు నిమిషాలు పట్టింది. 20,000 రూపాయలు తీసుకున్న మనిషి ఆ అయిదు నిమిషాలు మాకు ఇవ్వకపోవడం నన్ను ఈనాటికీ బాధపెడుతుంది.

పోలీసులు ఛార్జిషీటు వేసి, కోర్టు కేసును విచారణకు తీసుకుని సీసీ నంబరు ఇచ్చాక సమన్లు వచ్చాయి. దర్యాప్తులో అరెస్టు కాని, దానికి సహకరించిన ముద్దాయిలకు ఇటువంటి కేసుల్లో ముందుగా సమన్లే పంపాలని 2022లో సతేందర్ కుమార్ అంటిల్ తీర్పు చెబుతోందని మాకు ధైర్యం చెప్పారు. ఏ జామీనుదారులను తీసుకురావాలో, వారి దగ్గర ఏ కాగితాలు ఉండాలో గుమస్తాగారు వారం ముందే ఫోను చేసి చెప్పడంతో ఆ రోజు పని మధ్యాహ్న భోజనం వేళలోపే ముగిసింది. ఛార్జిషీటు నకళ్ళు ముద్దాయికి ఉచితంగా, హాజరైన నాటి నుంచి 14 రోజుల లోపు ఇవ్వాలి. కట్ట చేతికి వచ్చిన సాయంత్రం మళ్ళీ అదే బల్ల, అదే స్కేలు. ఎల్‌డబ్ల్యూ 1 నుంచి 9 వరకు, అంటే ఛార్జిషీటు జాబితాలోని సాక్షుల, వాంగ్మూలాలు ఒక్కొక్కటీ నేను చదువుతుంటే, ఎవరు కళ్ళారా చూశామన్నారో, ఎవరు విన్నామన్నారో జూనియరు మార్జినులో పెన్సిలుతో గుర్తు పెట్టారు. గాయాల ధ్రువపత్రం రెండో పేజీ జిరాక్సు నల్లగా అలికేసినట్టు ఉంది, సమయం వేసిన చోటు అసలు కనిపించడం లేదు. ‘ఇది చదవగలరా?’ అని అడిగారు. లేదన్నాను. ‘మీరు చదవలేని కాగితం మీకు ఇచ్చినట్టు కాదు’ అని, స్పష్టమైన నకలు ఇప్పించమని మర్నాడే కోర్టులో మెమో వేశారు. తర్వాతి వాయిదాకు మంచి ప్రతి వచ్చింది. ఆ పేజీలో ఏముందో ఇక్కడ రాయను. అది చూడకుండా విచారణ మొదలై ఉంటే మాత్రం మేము చాలా నష్టపోయేవాళ్ళం.

విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని కోరే డిశ్చార్జి పిటిషను విషయంలో ఆయన నడుచుకున్న తీరు కూడా నాకు నచ్చింది. అభియోగానికి ఆధారం లేదనుకుంటే, మాలాంటి వారెంటు కేసులో (రెండేళ్ళకు మించి శిక్ష ఉన్న నేరపు కేసులో) నకళ్ళు అందిన 60 రోజుల లోపు ఆ పిటిషను వేసుకోవాలి. కొత్త చట్టంలో ఈ గడువు పెట్టారు, పాత చట్టంలో ఇటువంటి గడువు లేదు. పిటిషను వేస్తే ఆయనకు విడిగా ఫీజు వస్తుంది. అయినా, ఆ దశలో కోర్టు సాక్ష్యాన్ని తూకం వేయదని, మా వాదన సాక్షులను అడ్డు ప్రశ్నలు అడిగినప్పుడే నిలబడుతుందని, ఇప్పుడే బయటపెడితే అవతలివారు సర్దుకుంటారని చెప్పి, నిర్ణయం మాకే వదిలి ఒక వారం గడువిచ్చారు. మేము వేయవద్దనుకున్నాం.

మా అబ్బాయి గురించి ఒక మాట చెప్పాలి. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్న పిల్లవాడు. దరఖాస్తులో ‘మీపై క్రిమినల్ కేసు ఉందా’ అన్న గడి దగ్గర లేదని పెట్టేయమని సలహా ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. కేసు ఉండటం కంటే కేసు దాచడం ఉద్యోగానికి ఎక్కువ చేటు తెస్తుందని, 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే విస్తారంగా చర్చించిందని లాయరుగారు వాడికి కూర్చోబెట్టి చెప్పారు. పాస్‌పోర్టు కావాలంటే కేసు ఉన్న కోర్టు నుంచి అనుమతి ఉత్తర్వు తెచ్చుకునే దారి 1993 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషనులోనే ఉందని, అవసరమైనప్పుడు ఆ పిటిషను వేద్దామని చెప్పారు. ముందు లాయరుగారి గదిలోకి తల వంచుకుని వచ్చే వాడు, ఆ రోజు తర్వాత తన ప్రశ్నలు తానే కాగితం మీద రాసుకుని రావడం మొదలుపెట్టాడు.

ఈ ఆఫీసు నిజాయితీకి నేను చూసిన సాక్ష్యం ఒకటి ఉంది. ఒక రాత్రి మా వంతు కోసం కూర్చుని ఉండగా, పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మ చెవి దుద్దులు చీర చెంగున కట్టుకుని తీసుకువచ్చింది. కొడుకు జైల్లో ఉన్నాడు. లాయరుగారు ఆ ముడి విప్పనివ్వలేదు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోందని, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు కూడా ఆ హక్కు ఉందని చెప్పి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలుగులో అర్జీ రాయించి ఇచ్చారు, ఉచిత న్యాయ సహాయపు ఫోను 15100 నంబరు ఆ కాగితం పైనే పెద్దగా వేశారు. గోడ మీది క్యాలెండరు దించి, రిమాండు మొదలైన తేదీ నుంచి రోజులు లెక్కపెట్టి, ఛార్జిషీటు గడువు ఆ నేరాన్ని బట్టి 60 రోజులా 90 రోజులా అన్నది చెప్పి, ఆ రోజు దాటినా ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుందని, దానికి మాత్రం వెంటనే పిటిషను వేయాలని ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టారు. అరెస్టు చేసినప్పుడు కారణాలు చెప్పారా, ఇంట్లోవారికి కబురు చేశారా, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్ళారా, వైద్య పరీక్ష చేయించారా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. ఆమె దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

లోపాలు కూడా చెప్పాలి. సాయంత్రం ఏడు గంటలకు రమ్మంటే తొమ్మిదిన్నరకు గానీ పిలుపు రాదు. మెట్ల దగ్గర నాలుగు కుర్చీలే ఉంటాయి, పెద్దవయసువారికి ఇబ్బంది. లాయరుగారు ఫోను ఎత్తరు, గుమస్తాగారే ఎత్తుతారు. మొదటి మూడు నెలల్లో టైపు ఖర్చులు, నకళ్ళ ఖర్చులు అంటూ గుమస్తాగారు అప్పుడప్పుడు 300, 500 తీసుకుని చీటీ ఇవ్వలేదు. నేను లాయరుగారికి చెప్పాక ఒక నోటుపుస్తకంలో రాసి సంతకం పెట్టడం మొదలైంది. నేను అడగకముందే అలా జరిగి ఉండాల్సింది. ఒక వాయిదాకు లాయరుగారు నేలపాడులో హైకోర్టు పని మీద ఉండి, ముందు చెప్పకుండా జూనియరును పంపారు. ఆ రోజు హాజరు వేయడం తప్ప పని లేకపోయినా, బోను దగ్గర నిలబడ్డ నాకు గుండె దడదడలాడింది. ఈ విషయం కూడా చెప్పాను. అప్పటి నుంచి ముందురోజే సందేశం వస్తోంది.

వాయిదాల విషయంలో మాత్రం లోటు లేదు. కేసుకు ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరును మా ఇద్దరి ఫోన్లలో ఈ-కోర్ట్స్ యాప్‌లో ఎక్కించి, తేదీ ఎలా చూసుకోవాలో గుమస్తాగారు నేర్పారు. నాకు జ్వరం వచ్చిన ఒక వాయిదాకు ఉదయం తొమ్మిది లోపు ఫోను చేస్తే, డాక్టరు చీటీ తెప్పించుకుని గైర్హాజరు పిటిషను వేశారు. చెప్పకుండా మానేసి ఉంటే నాన్ బెయిలబుల్ వారెంటు వచ్చేది, దాన్ని రద్దు చేయించుకోవడానికి మళ్ళీ ఒక పిటిషను, మళ్ళీ ఖర్చు, అన్నిటికీ మించి కోర్టు దృష్టిలో మాట పోవడం.

ఫీజు ఇద్దరికీ కలిపి 45,000 రూపాయలని, మూడు దశల్లో ఇవ్వాలని మొదటే కాగితం మీద రాసి ఇచ్చారు: నోటీసు దశలో 15,000, ఛార్జిషీటు వచ్చాక 15,000, సాక్షుల విచారణ మొదలయ్యాక మిగిలినది. హైకోర్టుకు వెళితే అది వేరు. గుంటూరులో ఇంతకంటే తక్కువకు చేసేవారు ఉంటారు. నాకు మాత్రం ఈ మొత్తం న్యాయంగా తోచింది. అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి ఆ మెట్ల దగ్గరి నిరీక్షణకు, మొదట్లో ఇవ్వని చీటీలకు.

ఇటువంటి ఆఫీసుకు వెళ్ళేవారు నోటీసు లేదా సమన్ల అసలు ప్రతి, ఆధార్ జిరాక్సు, జరిగిన సంగతి తేదీల వారీగా తామే రాసుకున్న ఒక కాగితం పట్టుకెళ్ళాలి. ఆ మూడో కాగితాన్ని లాయరుకు తప్ప ఎవరికీ చూపించకూడదు. ప్రభుత్వ ఉద్యోగులైతే పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేసిన కాపీ కూడా ఉంచుకోవాలి. ఆదివారం ఉదయం వెళితే రద్దీ తక్కువ. మా కేసులో వచ్చే వాయిదాకు ఎల్‌డబ్ల్యూ 1 సాక్ష్యం ఉంది. ముందురోజు సాయంత్రం ఛార్జిషీటు కట్టతో రమ్మని గుమస్తాగారు ఇప్పటికే చెప్పారు.